దాలయ్య రెండో నొప్పి

పాలకడలి నుండి అమృతకలశంతో వెలువడిన ఆదివైద్యునికి, ఆయన పేరు వినకపోయినా ఆయన కరుణకు పాత్రమయ్యే సకల దేహాలకు, ఆ దేహాలలో అలసట ఎరుగక మెదలే ప్రాణానికి మొదట అంజలి. ఇక చెప్పబోయేది నాగావళీ తీరాన వైద్యవిద్య బోధించిన పేరి విశ్వపతిశాస్త్రిగారి కథ. ఆయన శిష్యుడు నీలాద్రి అడిగిన ఒక ప్రశ్న కథ.

శాస్త్రిగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు సందేహం అడిగితే శ్లోకంతో గాని తర్కంతో గాని బదులు చెప్పేవారు కారు. ఉత్తరీయం భుజాన సర్దుకొని, చేతికర్ర అందుకొని "పద" అనేవారు. ఎక్కడికన్నది ముందుగా తెలిసేది కాదు. వెళ్లిన చోట ప్రశ్నకు సంబంధించినదేదో కనబడేది. కనబడని నాడు ఆ ప్రశ్న అడగదగినది కాదని శిష్యులు తమలో తాము సరిపెట్టుకొనేవారు.

నీలాద్రి వారిలో చురుకైనవాడు. చదివినది నోటికి వచ్చేది. నేర్చినది వేళ్లకు వచ్చేది. ఒక మధ్యాహ్నం అతడు గురువుకు నమస్కరించి నిలబడ్డాడు.

"గురువుగారూ, పక్కటెముకల్లోనూ వీపు పైభాగంలోనూ బాధ అని ఒకడు వస్తాడు. వేలితో వెదుకుతాం. నొప్పి ఉన్న చోటు దొరుకుతుంది. 'అవును, ఇక్కడే' అని రోగి కూడా ఒప్పుకొంటాడు. ఆ తరువాత వెదకవలసినది ఇంకేమైనా మిగులుతుందా?"

శాస్త్రిగారు ఉత్తరీయం కోసం చేయి చాచలేదు. "ఈ ఉదయం ఎవరిని చూశావు?" అని అడిగారు.

నీలాద్రి ఉత్సాహంగా చెప్పాడు. వచ్చినవాడు దాలయ్య, ఏటికి ఆవలి ఊరి గొర్రెల కాపరి, ఆ ఊరి తప్పెటగుళ్ల బృందానికి నాయకుడు. రొమ్ముకు కట్టుకొన్న రేకు తప్పెటను రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో ఎగిరి ఆడే ఆట అది. ఎడమ డొక్కలో పోటు, వీపున రెక్కల నడుమ బరువు అన్నాడు. నీలాద్రి ఎముక ఎముకకూ మధ్య వేలు నడిపించాడు. తప్పెట అంచు ఒరిసే చోట నొక్కగానే దాలయ్య ముఖం చిట్లించాడు. దగ్గమంటే అక్కడే నొప్పి. నడుము తిప్పమంటే అక్కడే నొప్పి. సందేహానికి తావు లేదు. నూనె రాసి, వెడల్పాటి గుడ్డతో కట్టు కట్టి, ఆడవచ్చునని చెప్పి పంపాడు. మరునాడే గంగమ్మ జాతర.

"ఆ నొప్పి ఎప్పుడు వస్తుందని అడిగావా?"

"నొక్కితే వస్తోంది కదా, గురువుగారూ."

"నువ్వు నొక్కని పూట?"

శాస్త్రిగారు చేతికర్ర అందుకొన్నారు. "పద."

ఏరు దాటి, ఊరి వెలుపలి గొర్రెల దొడ్డి చేరేసరికి అక్కడ ఆట సాధన జరుగుతోంది. బృందమంతా వలయంగా నిలిచి ఉంది. నాయకుడు కూర్చొని వాయిస్తూ కొత్తవారికి వరస చెబుతున్నాడు. నలభై దాటిన మనిషి. గుండ్రని భుజాలు, నవ్వే కళ్లు. అతడి భార్య పారమ్మ దొడ్డి గోడ దగ్గర గజ్జెలు శుభ్రం చేస్తోంది. పండితులను చూసి అందరూ లేవబోతే శాస్త్రిగారు వద్దని సైగ చేసి, పక్కనున్న రాతి మీద కూర్చొన్నారు. "మేము ఆట చూడడానికి వచ్చాం. ఆపవద్దు."

దాలయ్య కూర్చొనే చాలాసేపు వాయించాడు. తప్పెట అంచు సరిగా నీలాద్రి వేలు పెట్టిన చోటనే తగులుతోంది. అయినా దాలయ్య మధ్యమధ్య హాస్యాలాడుతున్నాడు. ఒకడి అడుగు తప్పితే "ఒరే, నీ కాలు నా గొర్రెలకిచ్చీయరా, అవే బాగా ఆడతాయి" అన్నాడు. శాస్త్రిగారు శిష్యుడి వైపు ఒకసారి చూశారు.

తరువాత నాయకుడు లేచాడు. గజ్జెలు మోగాయి. పాట అందుకొని రెండు చుట్లు ఎగిరి ఆడాడు. మూడో చుట్టు సగంలో ఆగి, తప్పెట తాడు విప్పి, మరింత బిగించి కట్టుకొన్నాడు. కాసేపు నిలబడ్డాడు. మళ్లీ ఆడాడు. మళ్లీ ఆగాడు, మళ్లీ తాడు. ఈసారి నుదుట పట్టిన చెమటను మోచేతితో తుడుచుకొన్నాడు. దొడ్డి మీదుగా చల్లని గాలి వీస్తోంది. తక్కిన వారెవరి నుదుటా తడి లేదు.

"తాడు ఎందుకు బిగిస్తున్నావు, దాలయ్యా?" శాస్త్రిగారు అడిగారు.

"వదులుగుంటే తప్పెట డొక్కకి కొట్టుకుంటాది బాబూ. అప్పుడు పోటొస్తాది. బిగించీసేనంటే పోద్ది. మా తాతల కాడి నుంచీ ఇదే మందు. తప్పెట మోసినోడికి డొక్క నొప్పెట్టకుండా ఉంటాదేటి? ఈ నొప్పి లేనోడు ఆటగాడే కాడు." బృందంలోని వారంతా అవునన్నట్లు నవ్వారు.

"బిగించగానే పోతుందా?"

"కూసింతసేపుకి పోద్ది."

నీలాద్రి ముఖంలో రంగు మారసాగింది. ఆ కూసింతసేపు దాలయ్య కదలకుండా నిలబడి ఉన్నాడు. తగ్గించినది తాడు కావచ్చు. నిలబడడం కూడా కావచ్చు. ఆ ఊరివారి తాతలు ఎన్నడూ ఈ రెండింటినీ విడదీసి చూడలేదు. ఉదయం తానూ చూడలేదు.

అతడు ముందుకు వచ్చి, నేర్చుకొన్న గొంతుతో కాక సొంత గొంతుతో అడిగాడు. "దాలయ్యా, గొర్రెలను తోలుకొని కొండెక్కుతావు కదా. అప్పుడు నీ మెడలో తప్పెట ఉండదు. ఆ దారిలో ఈ పోటు వస్తుందా?"

దాలయ్య తప్పెట మీద వేళ్లతో చిన్నగా దరువు వేశాడు.

"వస్తే అప్పుడేమి బిగిస్తావు?"

గోడ దగ్గర నుండి పారమ్మ నవ్వింది. "తలపాగా బాబూ. కొండ సగమెక్కీసరికి తలపాగా ఇప్పీసి మళ్లీ కట్టుకుంటాడు. గొర్రెలు ముందుకెల్లిపోతాయి, ఈయన తలపాగా తెమలదు. ఈ వయసులో ఈ సోకులేటని నాను ఎగతాళి సేత్తాను." ఆ మాట పూర్తయ్యేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. చేతిలోని గజ్జెలు కింద పెట్టింది. "ఏటయ్యా, అది సోకు కాదా?"

దొడ్డిలో దరువు ఆగింది. దాలయ్య తల వంచుకొని, చాలాకాలంగా ఎవరికీ చెప్పని మాటను నేలతో చెప్పినట్లుగా చెప్పాడు. కొండ ఎక్కేటప్పుడు రొమ్ము లోపల రాయి పెట్టినట్లుంటుంది. ఆ బరువు వీపున రెక్కల మధ్యకు పోతుంది. ఒక్కోసారి ఎడమ చేతిలోకి దిగుతుంది. ఆగితే పోతుంది. పొలంగట్టు ఎక్కినా ఈమధ్య వస్తోంది. తప్పెట పోటని అందరూ అంటే అదేననుకొన్నాడు. అదే అయితే బాగుండునని కూడా అనుకొన్నాడు.

శాస్త్రిగారు లేచి వచ్చి అతడి నాడి చూశారు. చాలాసేపు చూశారు. "దాలయ్యా, రెండు నొప్పులున్నాయి నీకు. పైది తప్పెటది; దానితో నువ్వు నూరేళ్లు బతకవచ్చు. లోపలిది గుండెది. దానికి నా పెట్టెలో మందు లేదు. ఈ పూటే పట్నం పెద్దాసుపత్రికి పోవాలి. రేపు నువ్వు ఆడకూడదు."

దాలయ్య తల పైకెత్తాడు. ఇప్పుడా కళ్లలో నవ్వు లేదు. "అది మాత్రం సెప్పకండి బాబూ. రేపు అమ్మోరి ముందు తొలి ఆట మాది. మేం నిలబడకపోతే ఆ హక్కు పక్కూరోళ్లకి పోద్ది. మా అయ్య నిలబెట్టిన ఆట. రేపాడీసి ఎల్లుండి మీరేడకి పొమ్మంటే ఆడకే పోతాను." అంతటితో ఆగలేదు. నీలాద్రి వైపు తిరిగాడు. "అయినా పొద్దుగాల ఈ సినబాబు ఆడొచ్చన్నాడు. పొద్దు వాలీసరికి పెదబాబు ఆడకూడదంటన్నాడు. ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి. ఆనక నా సంగతి సూద్దురు."

బృందంలో ఎవరో కిసుక్కుమన్నారు. శాస్త్రిగారు ఆ మాటకు జవాబు చెప్పవలసినవాడు తాను కాడన్నట్లు కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు.

నీలాద్రి దాలయ్య ఎదుట మోకాళ్ల మీద కూర్చొన్నాడు. తప్పెట తాడు విప్పి పక్కన పెట్టాడు. ఉదయం తాను కట్టిన కట్టును తన చేతులతోనే చుట్టు చుట్టుగా విప్పాడు. "పొద్దున నేను చూసింది సగం. సగం చూసి మొత్తం చెప్పాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకొంటున్నాను, దాలయ్యా. నువ్వు నన్ను తిట్టు; కాని బయలుదేరు. నేనూ వస్తాను. నువ్వు తిరిగి వచ్చేదాకా ఈ ఏరు దాటి ఇంటికి పోను."

"అప్పుడు తొలి ఆట?"

పారమ్మ లేచి వచ్చి మొగుడి తప్పెటను తన చంకకెత్తుకొంది. "ఆట పోతే పైయేడు అమ్మోరిని అడుక్కుంటాను. నువ్వు పోతే ఎవర్నడుక్కోను? లెగు."

"ఆడదానివి, నీకేటి తెలుసే తొలి ఆట సంగతి..."

"నాకు తలపాగా సంగతి తెలుసు. లెగు."

దాలయ్య లేచాడు. ఊరి రోడ్డు దాకా నడిపించవద్దని శాస్త్రిగారు చెప్పడంతో బృందంవారే బండి కట్టారు. సాయంత్రపు బస్సుకు దాలయ్య, పారమ్మ, నీలాద్రి ముగ్గురూ పట్నం బయలుదేరారు. బస్సు ఎక్కే ముందు దాలయ్య తన వాళ్లతో ఒకే మాట అన్నాడు: "నా సోటు కాళీగా ఒగ్గీసి ఆడండి. ఎవుడూ అందులో అడుగెయ్యకండి."

మరునాడు గంగమ్మ ముందు ఆ ఊరి బృందం అలాగే ఆడింది. వలయంలో ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా తిరుగుతూనే ఉంది. నాయకుడు లేని ఆట చెల్లదని పక్క ఊరివారు వాదానికి దిగారు. ఊరి పెద్దలు చాలాసేపు తర్జనభర్జన పడి, ఈ యేటికి తొలి ఆట హక్కు ఉంటుందనీ, వచ్చే యేడు నాయకుడు కనబడకపోతే పోతుందనీ తీర్మానించారు.

నీలాద్రి తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. గుండెకు నెత్తురు తెచ్చే దారి ఒకటి దాదాపుగా మూసుకుపోయి ఉన్నదనీ, జాతరలో ఆడి ఉంటే ఆట మధ్యలోనే కథ ముగిసి ఉండేదనీ ఆసుపత్రి వైద్యులు చెప్పారట. ఆ దారి తెరిచారు. దాలయ్య లేచి కూర్చొన్నాడు. వచ్చే యేడు ఎగరకపోయినా తన చోట నిలబడి పాట చెబుతానని, అందుకు ఒప్పుకొంటేనే మందు మింగుతానని అక్కడి వైద్యులతో బేరమాడి గెలిచాడు. ఇంత జరిగినా డొక్క మీద నొక్కితే మాత్రం ఇప్పటికీ అదే చోట ముఖం చిట్లిస్తున్నాడు.

ఈ సంగతులన్నీ విన్నవించి నీలాద్రి గురువు ఎదుట తల వంచి నిలబడ్డాడు. ఇక తాను ఎవరి ఒంటి మీద వేలు పెట్టినా, ఆ నొప్పి ఎప్పుడు వస్తుందో, ఏమి చేస్తే పోతుందో, ఇంకెక్కడికి పాకుతుందో తెలుసుకోకుండా వేలు తీయనని ప్రతిజ్ఞ చేశాడు. శాస్త్రిగారు విన్నారు. అయినా శిష్యుడు కదలలేదు.

"ఇంకేమి?"

"ఒక్క సందేహం మిగిలింది, గురువుగారూ. ఆ ఉదయం నా వేలికి దొరికిన నొప్పి అబద్ధమా?"

శాస్త్రిగారు ఉత్తరీయం కోసం గాని, చేతికర్ర కోసం గాని చూడలేదు. శిష్యులు ఎరిగినంతలో ఆయన కూర్చొన్న చోటనే బదులు చెప్పినది ఆ ఒక్కసారే.

"నిజమే, నాయనా. నిజం కనుకనే ఇంకా వెదకకుండా నిన్ను ఆపగలిగింది."

ఈ కథ చదివినవారికి, విన్నవారికి, విని తమ వారిని ఒక్కమాట ఎక్కువ అడిగినవారికి ఊపిరి నిండుగా ఆడుగాక. ఎక్కవలసిన కొండలన్నీ వారు ఎక్కి, ఇల్లు చేరుదురుగాక.