వాన రానిచ్చే పందిరి

అజర్యా గురువు దగ్గరికి ప్రశ్నతో వెళ్లినవాళ్లు తరచుగా ఏదో ఒక పని నెత్తిన వేసుకుని తిరిగొచ్చేవారు. కొచ్చికి ఎగువన, పెరియారు ఒడ్డునున్న ఆ చిన్న యూదుల వీధిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. అందుకే సోమరులెవరూ వేదాంతం జోలికి పోరని ఆడవాళ్లు నవ్వుకునేవారు.

శిష్యుడు ఎలియావు మాత్రం అడగకుండా ఉండలేకపోయాడు. ఆ ఏడు వానాకాలంలో ఏరు పొంగి అతని పడవను ఎత్తుకుపోయింది. ఆలుబిడ్డలు బతికేది ఆ పడవ మీదే. అప్పటినుంచీ అతని భార్య మిల్కా ఇంట్లో పెదవి విప్పి మాట్లాడింది తక్కువ. ఇంతలో పర్ణశాలల పండుగ వచ్చింది. ఎడారిలో పూర్వీకులు గుడారాల్లో బతికిన రోజులను తలుచుకుంటూ, ఏడు రోజులపాటు ఇల్లు విడిచి పెరట్లో ఆకుల పందిరి కింద భోంచేసే పండుగ అది. ఆ ఏడు రోజులూ సంతోషంగా ఉండాలన్నది శాస్త్రం.

పండుగ ఆ సాయంత్రమే మొదలవుతుందనగా, పొద్దున్నే వచ్చి గురువు ముందు కూర్చున్నాడు.

"గురువుగారూ, ఈ ఏడు నేను పందిరి వెయ్యడం లేదు. అన్నీ ఉన్నప్పుడు దేవుణ్ణి నమ్మాను. అన్నీ పోయాక నమ్మడమంటే ఏం చెయ్యాలో తెలియడం లేదు. లోపల ఏడుస్తూ పైకి నవ్వుతూ కూర్చుంటే ఆయన చూడడా?"

"చూస్తాడు" అన్నాడు గురువు. "సిప్పోరా పెద్దమ్మ కొడుకులిద్దరూ జ్వరంతో పడుకున్నారట. ఆవిడ పందిరి ఇంకా లేవలేదు. వెళ్లి వేసి రా" అన్నాడు.

సిప్పోరా ముసలి విధవరాలు. అదే వరదలో ఆవిడ ఇంటి పడమటి గోడా, వంటిల్లూ కూలిపోయాయి. ఎలియావు వెళ్లేసరికి, మిగిలిన సగం ఇంటి ముందు కూర్చుని చేపలు తోముతూ ఏదో పండుగ పాట పాడుకుంటోంది. గిన్నెలన్నీ కొట్టుకుపోయినా, పాటల పుస్తకాన్ని మాత్రం నెత్తిన పెట్టుకుని పీకల్లోతు నీళ్లు దాటిన మనిషి ఆవిడ.

ఆ కూలిన గోడ ఎలియావు కంట పడింది. ఈ ముసలావిడ మీద ఇంకొక్క చుక్క పడకూడదనుకున్నాడు. గుంజలు పాతాడు. కొబ్బరి మట్టలు చీల్చి మూడు వరసలుగా, సందు లేకుండా పరిచాడు. పీచుతాడుతో బిగించి కట్టాడు. నిచ్చెనెక్కి పైనుంచి బిందెడు నీళ్లు కుమ్మరించి చూశాడు. లోపల నేల పొడిగానే ఉంది. పడవ పోయాక అతను తృప్తిగా చేసిన పని అదే.

సాయంత్రం సిప్పోరా చేతులు తుడుచుకుంటూ వచ్చి పందిట్లో నిలబడింది.

"ఇదేం నాయనా, పొద్దుండగానే దీపం పెట్టుకోవాలా?"

"ఒక్క చుక్క కిందికి రాదు పెద్దమ్మా."

"అదే చెబుతున్నా. పైనుంచి ఆయన తొంగి చూద్దామంటే మొహానే తలుపు వేసేశావు."

కోడళ్లిద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎలియావు మొహం కందిపోయింది. పందిరి నీడనివ్వాలి, కాని దాని సందుల్లోంచి నక్షత్రాలు కనిపించాలి, పెద్ద వాన లోపలికి రావాలి. అలా లేకపోతే అది పర్ణశాల కాదు, వట్టి పాక. సమాజమందిరంలో పిల్లలకు ఈ మాట చెప్పేది తనే.

పొద్దు కొబ్బరిచెట్ల నడుములోకి దిగింది. అది కుంకితే పండుగ వచ్చేసినట్టే, మొదటి రెండు రోజులూ ముడి వెయ్యకూడదు, విప్పకూడదు. అయినా అతను కదల్లేదు.

"పెద్దమ్మా, ఆ మబ్బు చూడు. ఆకులు తీస్తే తడిసిపోతారు. ఈ ఏడు తడిసింది చాలదా?" అన్నాడు.

సిప్పోరా అతని మొహంలోకి చూసింది. "గట్టిగా కట్టుకున్న ఇల్లే ఆగలేదు కదా నాయనా. ఇప్పుడు ఈ ఆకులేం ఆపుతాయి? వాన మరీ పెద్దదై పులుసు పాడైతే లేచి లోపలికి పొమ్మని పెద్దలే చెప్పారు. అందాకా మాత్రం కూర్చుంటాం. ఎక్కు, ఎక్కు, పొద్దు పోతోంది."

ఎలియావు నిచ్చెనెక్కాడు. ఒక్కో మట్ట లాగుతుంటే ఒక్కో వెలుగు మచ్చ కింద నేల మీద పడింది. "ఇటు కూడా తియ్యి తమ్ముడూ, మా అత్తగారి పీట మీద పడేలా" అని పెద్దకోడలు పురమాయించింది. చివరి ముడి వేసి అతను కిందికి దిగేసరికి పొద్దు కుంకింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి సిప్పోరా గురువునూ, ఎలియావునూ, మిల్కానూ పిల్లలతో సహా పిలిచింది. అరిటాకుల్లో అన్నం వడ్డించారో లేదో, చినుకులు మొదలయ్యాయి. ఒకటి మిల్కా మెడ మీద పడింది. ఇంకో రెండు తిన్నగా చేపల పులుసులో పడ్డాయి. పులుసు పాడైందో లేదో తేల్చాల్సింది గురువే గనుక అందరూ ఆయన వైపు చూశారు.

గురువు గరిటెతో కాస్త పులుసు ఆకులో పోసుకుని, కళ్లు మూసుకుని రుచి చూశాడు. "ఉప్పు కొంచెం ఎక్కువైంది" అన్నాడు. "ఇంకో నాలుగు పడనివ్వండి."

సిప్పోరా పీట మీదే వెనక్కి వాలి నవ్వింది. మిల్కా కూడా నవ్వింది, గట్టిగానే, పమిట జారేటంతగా. ఆ నవ్వు విని ఎంతకాలమైందో ఎలియావుకు గుర్తు రాలేదు. ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. తర్వాత అతనికీ నవ్వొచ్చింది. ఎవరూ లేవలేదు. ఆడవాళ్లు తడి చేతులతోనే పాట అందుకున్నారు. జల్లు ఏరు దాటి వెళ్లిపోయింది.

చేతులు కడుక్కునేచోట ఎలియావు గురువుకు చెంబుతో నీళ్లు పోశాడు.

"గురువుగారూ, మొదటి రెండు రోజులూ దాటాక కూడా పందిరి వేసుకోవచ్చు కదా?"

"వేసుకోవచ్చు."

"నాకు బాధ ఇంకా పోలేదు."

"తెలుసు" అన్నాడు గురువు. తడి చేతులు తుండుగుడ్డతో తుడుచుకుని, గుడ్డ అతని భుజాన వేశాడు. "ఆకులు మరీ ఎక్కువ కొయ్యకు."