సిలారు దిండు

ఉద్దండుకు కలలు గుర్తుండవు. పుట్టి నలభై ఏళ్ళయింది, తక్కువలో తక్కువ లక్ష కలలైనా వచ్చి ఉంటాయి. లక్షకు లక్షా తెల్లారేసరికి ఆవిరి. మంచం దిగడంలో ఆ మనిషికి అంత తొందర. కోడి మెడ ఎత్తి నోరు తెరవబోయేలోపే అతను ముఖం కడుక్కుని, వీధి దాటి, మీరావలి తాత కొట్టు ముందు నిలబడేవాడు. ఆ సిగ్గుతో ఆ కోడి ఊరే మారిపోయింది.

మీరావలి తాత దూదేకుల మనిషి. దర్గా గోడకు ఆనించి వేసిన రేకుల కొట్టులో డెబ్భై ఏళ్ళుగా పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుడుతున్నాడు. ఆ కొట్టులోంచి లేచిన ధూళితో మూడు ఊళ్ళకు సరిపడా మేఘాలు తయారయ్యేవి. తాత తుమ్మితే వాన పడేది. పరుపుల కోసం ఎంతమంది వచ్చేవారో, మనసులో చిక్కులు విప్పించుకోవడానికి అంతకు నాలుగింతలు వచ్చేవారు. కలలో ఉండగానే ‘ఇది కల’ అని తెలుసుకుని, అందులోనే మేలుకుని తిరిగే విద్య ఒకటి తాతకు ఆయన గురువు నేర్పి పోయాడు. ఆ విద్య కోసమే ఉద్దండు ఆయన దగ్గర పనికి చేరాడు.

కారణం, అన్న సిలారు.

తండ్రి పోయాక ఆయన దూది ఏకిన విల్లు ఎవరికి రావాలన్న దగ్గర అన్నదమ్ములకు మాట చెడింది. చివరికి ఆ విల్లును చెదలు తినేశాయి. మాటలు మాత్రం తిరిగి రాలేదు. ఒకే గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు, ఆరేళ్ళు. ఇటువాడికి దగ్గు వస్తే అటువాడికి వినపడకుండా మింగేసేవాడు. అటువాడూ అంతే. ఇద్దరూ కలిసి బండెడు దగ్గు మింగి ఉంటారు.

రెండేళ్ళ కిందట, ఎండాకాలం, ఒక మధ్యాహ్నం సిలారు వచ్చి తమ్ముడి తలుపు కొట్టాడు. తలుపు తెరుచుకోలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మూడో రోజు గుండె ఆగి పోయాడు. ఏం చెప్పడానికి వచ్చాడో, భార్య కాశింబీకి కూడా చెప్పలేదు.

“మధ్యాహ్నం కదా. ఒళ్ళు తెలియని నిద్రలో ఉన్నాను. వినపడలేదు” అని ఉద్దండు ఊరంతటికీ చెప్పుకున్నాడు. అడిగినవాళ్ళకు ఒకసారి, అడగనివాళ్ళకు పదిసార్లు.

“ఒక్కసారి కలలో మేలుకుంటే చాలు తాతా. తలుపు తీసి, ఎందుకొచ్చావన్నా అని అడుగుతాను” అనేవాడు తాతతో.

“రాత్రి ఏం చూశావు?” అనేవాడు తాత. ఎప్పుడూ అదే ప్రశ్న.

“గుర్తు లేదు.”

“అయితే రేపు లేవగానే పరుగెత్తకు. కళ్ళు తెరవకు, పక్కకు తిరగకు, కాలు కదపకు. ఇప్పటిదాకా ఎక్కడున్నానా అని వెతుక్కో. చిటికెడు దొరికినా పట్టుకురా.”

ఆర్నెల్లయినా చిటికెడు దొరకలేదు. ఉద్దండుకు ఒళ్ళు మండింది. “కల గుర్తుంటే ఎంత, లేకుంటే ఎంత తాతా? నాకు కావలసింది మెలకువ. ఆ కిటుకేదో చెప్పేయరాదూ?”

తాత దూదిలోంచి తలెత్తాడు. “నిన్న రాత్రి నువ్వు కలలో మేలుకున్నావు. మీ అన్నతో చాలాసేపు మాట్లాడావు.”

ఉద్దండు చేతిలో పని వదిలేశాడు. “నిజమా? ఏమన్నాడు?”

“నాకేం తెలుసు? వెళ్ళింది నువ్వు.”

ఆ పూట ఉద్దండు బుర్ర గోక్కున్న చప్పుడు రైలు స్టేషన్ దాకా వినిపించింది. గోక్కున్నంత మాత్రాన కలలు గుర్తొస్తాయా? రాలేదు. మర్నాటి నుంచి అల్లడం మొదలుపెట్టాడు. మొదటి రోజు సిలారు తెల్ల గుర్రం మీద వచ్చి భుజం తట్టాడన్నాడు. రెండో రోజు గుర్రానికి వెండి కళ్ళెం వచ్చింది. వారం తిరిగేసరికి ఏడు గుర్రాలు, ఒక ఏనుగు, పన్నీటి వాన. ‘తమ్ముడూ, నీ తప్పేమీ లేదురా’ అని ఏనుగు మీంచి సిలారు అరిచాడట.

పరుపు తీసుకుపోవడానికి వచ్చిన జైనాబీ అంతా విని, “ఆ ఏనుక్కి మేత ఎవరు వేస్తున్నారు ఉద్దండూ?” అంది.

తాత మాత్రం రోజూ “ఊఁ” అనేవాడు.

ఆ రోజుల్లోనే కాశింబీ దగ్గర్నుంచి ఒక దిండు వచ్చింది. మొగుడి దిండు. ఉండలు కట్టింది, ఏకి కుట్టి పంపమని తాతకు కబురు. తాత దాన్ని తీసి ఉద్దండు ముందు పడేశాడు.

పాత దిండు ఏకాలంటే కుట్టు విప్పి, దూదంతా నేల మీద పోసి, ఒక్కో ఉండా చేత్తో చిదిపి, అప్పుడు విల్లుకు పెట్టాలి. పని తెలిసినవాడెవడూ ఇంకోలా చెయ్యడు. ఉద్దండు కుట్టు విప్పాడు. లోపల్నుంచి కొబ్బరినూనె, బీడీ, నొప్పుల మందు కలిసిన వాసన ఒకటి లేచింది. అన్న వాసన. చెయ్యి లోపలికి పోలేదు. అటూ ఇటూ చూసి, నాలుగు గుప్పిళ్ళ కొత్త దూది పైపైన కూరి, దబ్బనంతో కుట్టేశాడు. చూడటానికి పెళ్ళికొడుకు దిండులా తయారైంది.

తాత దాని మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. ఒక మూల కుట్టు తెంపి, రెండు వేళ్ళు పెట్టి, పసుపు తిరిగిన ఉండ ఒకటి బయటకు లాగాడు. ఉద్దండు తలవంచుకున్నాడు. తాత తిడితే రేకులు లేచి పక్క జిల్లాలో పడతాయి.

తాత తిట్టలేదు. ఉండను మళ్ళీ లోపలే పెట్టాడు. మూల కుట్టాడు. దిండు తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

“కాశింబీకి నేను చెప్పుకుంటాను. కొన్నాళ్ళు దీని మీద పడుకో.”

అది దిండా? గులకరాళ్ళ మూట. మెడకింద ఒక ఉండ, చెవికింద ఒక ఉండ. గంటకోసారి మెలకువ వచ్చేది. మెడ పట్టేసి ఇటు తిరగలేడు, అటు తిరగలేడు. ఆర్నెల్లు చెబితే రానిది, కదలకుండా పడుకోవడం, నాలుగు రోజుల్లో దానంతట అదే వచ్చేసింది. అలా పడి ఉండగా చిటికెడు, చిటికెడు దొరకసాగింది.

“ఏదో చప్పుడు తాతా. అంతే.”

“ఊఁ.”

“ఉక్కపోత. నులకమంచం.”

“ఊఁ.”

“తలుపు.”

గుర్రాలు రాలేదు. ఏనుగు అసలే రాలేదు. నెల రోజుల ముక్కలు కలిపి చూసుకుంటే, రోజూ ఒకటే కల. రెండేళ్ళుగా వస్తున్న కల. రెండేళ్ళుగా దాన్ని మంచం మీదే వదిలేసి, కోడికన్నా ముందు లేచి పారిపోతున్నాడు.

నలభయ్యో రోజు ఉద్దండు ఎండెక్కాక ఆ దిండు పట్టుకుని వచ్చి దూది మీద కూలబడ్డాడు.

“మేలుకున్నావా?” అన్నాడు తాత.

“మేలుకున్నాను. తలుపు చప్పుడు వినగానే గుర్తుపట్టాను తాతా, ఇది ఆ కలే అని. నా చేతులు చూసుకున్నాను. గోడ మీద పగులు కూడా కనిపించింది. అన్న ‘తమ్ముడూ’ అన్నాడు. మూడుసార్లు.”

“లేచావా?”

గాలిలో ఎగిరే దూది కూడా ఆగి విన్నది.

“కళ్ళు మూసుకున్నాను.”

ఉద్దండే మళ్ళీ అన్నాడు. “ఆ రోజూ అంతే తాతా. వినపడింది.”

తాత దిండు కుట్టు మొత్తం తెంపి, దూదంతా నేల మీద గుమ్మరించాడు. గోడకు తగిలించిన తన విల్లు తీసి అతని ముందు పెట్టాడు.

ఉద్దండు ఒక ఉండ చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు నులుముకున్నాడు.

“ఏడిస్తే దూది తడుస్తుంది. తడిస్తే ఏకుడు పడదు” అన్నాడు తాత.

అందుకని ఏడవకుండా ఏకాడు. ఒక్క ఉండ మిగలకుండా చిదిపాడు. మధ్యాహ్నానికి దిండు తయారైంది. దాన్ని చంకలో పెట్టుకుని కాశింబీ గుమ్మానికి వెళ్ళాడు. తన గుమ్మం నుంచి అది పది అడుగులు. ఆ పది అడుగులూ అతనికి పది క్రోసులయ్యాయి. ఎనిమిదేళ్ళుగా తను కొట్టని తలుపు.

లోపల రోట్లో పచ్చడి నూరుతున్న చప్పుడు.

తలుపు కొట్టాడు. నూరే చప్పుడు ఆగిపోయింది.

“వదినా” అన్నాడు. మూడుసార్లు అన్నాడు.

లోపల ఎండుమిరపకాయ ఘాటుకు ఎవరో తుమ్మబోయి ఆపుకున్నారు. తలుపు తెరుచుకోలేదు. ఉద్దండు ఎండలో కాసేపు నిలబడ్డాడు. దిండు గడప మీద పెట్టి, కొట్టుకు తిరిగి వచ్చాడు.

“తీసిందా?” అన్నాడు తాత.

ఉద్దండు కూర్చుని విల్లు అందుకున్నాడు.

“లేదు తాతా. మధ్యాహ్నం కదా. ఒళ్ళు తెలియని నిద్రలో ఉంది.”