తాళ్ళు కింద పెట్టిన పోలమ్మ

అనగనగా, కాలవ గట్టునున్న ఒక ఊళ్ళో, పోలమ్మ, ముత్యాలు అని ఆలుమగలు ఉండేవాళ్ళమ్మా. వాళ్ళ మడి మెరక మీద, నీళ్ళేమో కింద కాలవలో. అందుకని గూడ వేసేవాళ్ళు. గూడంటే తాళ్ళు కట్టిన బుట్ట. ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు నిలబడి కలిసి ఊపితేనే నీళ్ళు పైకొస్తాయి.

కొత్తలో కోపమొస్తే ముత్యాలు తాళ్ళు గుంజేవాడు. పోలమ్మ తూలి, "నీ మొహం మండా!" అని తనూ గుంజేది. ఇద్దరూ తడిసి నవ్వుకునేవాళ్ళు.

ఆ తర్వాత పిల్ల పుట్టింది. వానలు మొహం చాటేశాయి. అప్పుడు కూర చప్పగా ఉందని ముత్యాలు చట్టి విసిరాడు. పోలమ్మ ఊరుకుందా? వాడి చుట్టలు పొయ్యిలో పడేసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత ఒకరోజు, "అన్నం ఇంకా కాలేదేంటే?" అని చెంప పగలగొట్టాడు. పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది.

పొద్దున్నే గూడకెళ్ళారు. ముత్యాలు వెనక్కి వాలి, బరువంతా తాళ్ళ మీద వేశాడు. ఇప్పుడు వదిలేస్తేనో? వెల్లకిలా పడతాడు, వెనక బండరాయి. పోలమ్మ పిడికిలి కాస్త సడలింది. సడలింది కానీ, వదల్లేదు. బుట్ట కిందికి దిగేదాకా పట్టుకుని, అప్పుడు తాళ్ళు మెల్లగా నేల మీద పెట్టింది.

"నా మీద లేచిన చేతికి నేను జోడు పట్టను."

"మడి ఎండిపోద్దే!"

"ఎండనీ."

పిల్లనెత్తుకుని అక్క ఇంటికెళ్ళిపోయింది.

ముత్యాలు ఆ పక్క తాళ్ళు గుంజకి కట్టాడు, బుట్ట బోర్లా పడింది. కుండతో మోశాడు, నడుం పట్టేసింది. పక్కింటి సూరయ్యని బతిమాలాడు. "నీకు గూడేస్తే మా ఆవిడ నాకు కూడెయ్యదురా!" అన్నాడు సూరయ్య.

మడి బీటలిచ్చింది. అప్పుడొచ్చాడు అక్క గుమ్మంలోకి. "ఇంక చెయ్యెత్తనే."

"నాకు కాదు, పిల్లకి చెప్పు."

చెప్పాడు. పోలమ్మ తిరిగొచ్చి మళ్ళీ తాళ్ళు పట్టింది. వాడు మాట మీద నిలబడ్డాడు కూడా.

జుట్టు నెరిసినా పోట్లాటలు పోలేదు. "ముసలి గాడిదా!" అని ఆవిడ, "గయ్యాళిదానా!" అని వాడు. అంతా నోటితోనే.

ఒకరోజు ఆవిడ తలలో గడ్డిపోచ కనబడి ముత్యాలు చెయ్యెత్తాడు. పోలమ్మ మొహం టక్కున పక్కకి తిరిగిపోయింది. అన్నేళ్ళ తర్వాత కూడానమ్మా!

వాడి చెయ్యి గాల్లోనే ఆగింది. మెల్లగా దించేశాడు. "గడ్డిపోచే... తియ్యనా?"

పోలమ్మ దిగిన ఆ చేతివైపు చూసింది. అప్పుడు తియ్యమని తల వంచింది.

గూడ గట్టెక్కింది, కథ కంచి చేరింది,
ఎత్తిన చెయ్యి దిగింది, నా చిట్టితల్లి నిద్దరోయింది.