బండ మీద పెట్టిన కూజా మొక్కలు

కొండ మీది ఆరామంలో ఉత్తర అనే భిక్షుణి మూడు రోజులుగా మెతుకు ముట్టడం లేదు. పదకొండు మొక్కలు చచ్చిపోయాయి. చంపింది తనే.

అవి కూజా మొక్కలు. ఆకు చివర చిన్న కూజా వేలాడుతుంది. దాని అంచు మీద కాలు జారిన చీమలూ దోమలూ లోపలి నీళ్లలో పడి చస్తాయి. మొక్క వాటిని అరిగించుకుని బతుకుతుంది. వానలు ఎక్కువ కురిసే దేశం నుంచి ఒక యాత్రికుడు తెచ్చిచ్చిన గింజల్ని ఉత్తరే మొలకెత్తించింది. చలికి తట్టుకోలేవని రెండేళ్లపాటు గదిలో, పురుగులు రాకుండా బట్ట కట్టిన కిటికీ పక్కన పెట్టుకుని, చంటిపిల్లల్ని సాకినట్టు సాకింది.

ఎండాకాలం మొదలవగానే గురువు ఖేమమాత ఆమెను పిలిచింది.

"ఇక వాటిని బయటికి మార్చవే. ముందు నీడలో పెట్టు. ఎండ మెల్లమెల్లగా అలవాటు చెయ్యి."

పనస చెట్టు కింద మంచి నీడ ఉంది. కానీ ఆ నీడ నిండా చీమలు, దోమలు. ఉత్తరకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆమె చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. గిలగిల కొట్టుకునే చేపల్ని వలలోంచి బుట్టలోకి ఏరుతూ పెరిగింది. ఈ చేతుల మీదుగా ఇక ఒక్క ప్రాణం కూడా పోకూడదని ఒట్టు పెట్టుకునే గుండు చేయించుకుంది. అలాంటిది, ఆ చేతులతోనే మోసుకెళ్లి చీమల బారు పక్కన ఈ కూజాలను ఎలా పెడుతుంది?

వెతికి వెతికి ఒక చోటు కనిపెట్టింది. ఆరామం వెనక నల్ల బండ. దాని మీద చీమ కూడా పాకదు. పన్నెండు కుండీలూ ఒకే పొద్దున అక్కడికి చేర్చి, తన తెలివికి తనే మురిసిపోయింది. చీమ కూడా పాకని చోట లేత మొక్క ఎలా బతుకుతుందని పాపం తోచలేదు. దయ తలకెక్కినా కళ్లు మూసుకుపోతాయి కాబోలు.

సాయంత్రానికి ఆకులు మాడాయి. మర్నాటికి కూజాలు ఎండి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. మళ్లీ గదిలోకి తెచ్చి నీళ్లు చల్లినా లాభం లేకపోయింది. చివరికి ఒక్క మొక్క మిగిలింది. దానికి ఒక చిగురు, ఒక కూజా.

నాలుగో రోజు పొద్దున్నే ఆ కుండీ పట్టుకుని గురువు ముందు నిలబడింది. ఖేమమాత చేతిలో గంజి గిన్నె ఉంది.

"నేను వెళ్లిపోతానమ్మా. ఈ కాషాయం నాకు తగదు. ఈ చేతులు అప్పుడు చేపల్ని చంపాయి, ఇప్పుడు ఈ మొక్కల్ని చంపాయి. ఇవి మారలేదు. ఇక మారవు."

ఖేమమాత ఓదార్చలేదు, కోప్పడలేదు. గిన్నెతోనే లేచి, రమ్మన్నట్టు తల ఊపి పనస చెట్టు కిందికి నడిచింది. ఉత్తర చేతిలోని కుండీ అందుకుని, చీమల బారుకు జానెడు దూరంలో దించింది. పక్కనే కూర్చుంది. ఉత్తర ఎదురుగా కూలబడింది.

కాసేపటికి బారులోంచి ఒక చీమ పక్కకు తప్పుకుంది. కుండీ ఎక్కింది. ఆకు వెంట నడిచి కూజా అంచుకు చేరింది. అక్కడ కాలు జారింది.

 ఉత్తర దాన్ని తీసేద్దామని చెయ్యి చాపింది.

చాపిన చేతిలో ఖేమమాత గంజి గిన్నె పెట్టింది.

"తాగు."

"అమ్మా, అది మునిగిపోతోంది!"

"ఈ బియ్యం పండిన మడిలో నాగలి కింద ఎన్ని పురుగులు పోయాయో నాకు తెలియదు. తాగు."

ఉత్తర గిన్నెలోకి చూసింది. ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే తాగుతున్న గంజే. కూజాలో చీమ కదలడం ఆగిపోయింది. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎలా తాగేదమ్మా?"

గురువు కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

"యాభై ఏళ్లుగా నేను తాగుతున్నట్టే" అంది.