ఎర్నమ్మ దణ్ణం

అనగనగనగా, సముద్రం మన గడపలకి ఇంకా నాలుగు బారలు ఎడంగా ఉన్న రోజుల్లో, ఉప్పుమళ్ళ పక్కన ఒక పల్లె. ఎప్పుడని నన్నడక్కండి. నేను మా మామ్మనడిగితే వాళ్ళ మామ్మనడగమంది. ఊ కొట్టేవాళ్ళు కొట్టండి, నిద్దరొచ్చేవాళ్ళు లేచి మొహం కడుక్కు రండి.

ఆ పల్లెలో ఉప్పు పండించేది మగవాళ్ళు. దాన్ని గంపలకెత్తి, నెత్తిన పెట్టుకుని కొండ మీద సంతకి మోసేది ఆడవాళ్ళు. గంప మొయ్యని ఇంట్లో పొయ్యి వెలగదు. కొండదారి సగంలో ఒక మలుపుంది. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. ఆ రాతి కింద అమ్మోరు. మలుపు అమ్మోరంటారు. ఆవిడ ముందు తలెత్తి నడవకూడదు. నెత్తిన గంపున్నా సరే, తల దించి దణ్ణం పెట్టుకుంటూ దాటాలి. జట్టుకి ముందు నడిచే పోలయ్య మలుపు రాగానే మూడు కేకలేసేవాడు. "తల దించండి. తల దించండి. తల దించండి."

గంప కిందపెట్టి దణ్ణం పెట్టుకోవచ్చు కదా అంటారేమో. గంప దించితే మళ్ళీ నెత్తికెత్తే మనిషి కావాలా, ఆ మనిషి నిలబడడానికి చోటు కావాలా? అక్కడ ఒక్కళ్ళు ముడుచుకు కూర్చునేంత చోటు తప్ప లేదు. తెలివితేటలు మీకే ఉన్నాయనుకోకండి, వాళ్ళకీ ఉన్నాయి.

ఆ ఊళ్ళో ఎర్నమ్మని ఒకావిడ. నడుం కొడవలిలాగా వంగిపోయిన మనిషి. వయసులో ఉండగా ఆ మలుపులోనే పడింది. లోయలోకి పోలేదు, దారి మీదే పడింది. ప్రాణం మిగిలింది గానీ నడుం మిగల్లేదు. అప్పట్నించీ ఆవిడ ఆకాశం చూసి ఎరగదు. ఎవరి మొహమన్నా చూడాలంటే మెడ పక్కకి తిప్పి ఒంటికన్నుతో చూసేది. మిగతా పొద్దంతా చూసేది పాదాలే. అడుగు చూసి మనిషి పేరు చెప్పేది.

గంప పోయాక ఆవిడ పని, సంత నుంచి వచ్చినవాళ్ళకి నూనె రాసి ఒళ్ళు పట్టడం. ఆవిడ వేళ్ళకి ఒంట్లో తెలియని ఎముక లేదు. మెడ కింద ఎత్తుగా తగిలే పూస దగ్గర మొదలెట్టి, వెన్నుపూసలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ తుంటి దాకా దిగేది. "ఇదిగో, ఇది అలిగింది. ఇది ఏడుస్తంది," అనేది. నొప్పితో మూలిగేవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

ఆవిడకి ఒక్కత్తే కూతురు, దాలమ్మ. ఎర్నమ్మ మొగుడు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆ ఏడు దాలమ్మకి గంప ఎత్తే ఈడొచ్చింది. అప్పుడు పట్టుకుంది ఎర్నమ్మకి బెంగ.

ఎందుకు పట్టుకోదు? అంతకు ముందు మూడేళ్ళలో మూడు శవాలు లోయలోంచి తీశారు. మొదటి ఏడు సీతాలు పడింది. పొడుగు మనిషి, సన్నం. ఊరేమంది? పొడుగు ఒళ్ళు కదా, గాలికి ఊగిపోయిందంది. రెండో ఏడు బంగారమ్మ పడింది. జట్టు నడిపే పోలయ్య పెళ్ళామే. భారీ మనిషి, ఇంత భుజం, ఇంత తుంటి. ఊరేమంది? లావు ఒళ్ళు కదా, ఆయాసమొచ్చిందంది. మూడో ఏడు చిన్నమ్మి పడింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. పొట్టి ఒళ్ళు కదా, అడుగు అందలేదంది. చివరికి అమ్మోరు తీసుకుపోయిందని ఒక మాటనేసి ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. ఊరి నోటికి ఏ ఒళ్ళయితేనేం, వంక దొరకాలి గానీ.

దాలమ్మ పొడుగు. అచ్చం సీతాలంత పొడుగు. కాస్త ఒళ్ళు చేస్తే గాలికి ఊగదు కదాని ఎర్నమ్మ పిల్లకి రెండు పూటలా గంజన్నం కుక్కి కుక్కి పెట్టింది. ఆ వెంటనే బంగారమ్మ గుర్తొచ్చి సగం కంచం లాగేసుకుంది. మళ్ళీ మర్నాటికి మనసొప్పక పెట్టింది. "ఏటే అమ్మా ఇది, తిననిస్తావా మాననిస్తావా?" అని దాలమ్మ విసుక్కుంది. ఎర్నమ్మకి బెంగ తగ్గలేదు. ఏ ఒళ్ళయితే పడదు? పొడుగూ పడింది, లావూ పడింది, పొట్టీ పడింది. ఇంక పడని ఒళ్ళేది?

ఆ వారం సంత నుంచి వచ్చినవాళ్ళకి ఒళ్ళు పడుతూ ఒక్కొక్కళ్ళనీ అడిగింది. పొడుగావిడ వీపు మీద చెయ్యేసి అడిగింది. "నొప్పెక్కడ?" మెడ కింద పూస దగ్గర. "ఎప్పుడు పుట్టింది?" మలుపు దాటాక. లావు మనిషినడిగింది. మెడ కింద పూస దగ్గర, మలుపు దాటాక. పొట్టావిడనడిగింది. మెడ కింద పూస దగ్గర, మలుపు దాటాక. ఎర్నమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నూనె కారిపోతోందని పొట్టావిడ చెప్పేదాకా కదల్లేదు.

మర్నాడు పెరట్లో దాలమ్మ నెత్తిన చుట్టకుదురు పెట్టి, దాని మీద నీళ్ళకుండ పెట్టి నడవమంది. దాలమ్మ బొంగరంలా తిరిగొచ్చింది. చుక్క ఒలకలేదు. "ఇప్పుడు నడుస్తా నడుస్తా తల దించు," అంది. దించింది. కుండ పడి పగిలింది. రెండో కుండ పెట్టింది. అదీ పగిలింది. మూడోదీ పగిలింది.

"అమ్మా, ఇంక ఇంట్లో కుండల్లేవు."

"పోతే పోయినాయి. నువ్వున్నావు కదే." ఎర్నమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని ఒళ్ళంతా తడుముతూ చెప్పింది. "ఇటు సూడు. తలని మెడ మోస్తాది. మెడని వెన్ను మోస్తాది. వెన్నుని తుంటి మోస్తాది. తుంటిని మడమలు మోస్తాయి. ఇయ్యన్నీ ఒకదాని మీదొకటి కూకుంటే గంప బరువు నేలకి పోతాది. తల ముందుకి దించినావా, బరువు ముందుకి పోతాది. నిన్నూ ఈడ్సుకుపోతాది. పొడుగైనా అంతే, పొట్టైనా అంతే. అమ్మోరు తీసుకుపోలేదే ఆళ్ళని. దణ్ణం తీసుకుపోయింది."

దాలమ్మ పగిలిన పెంకులేరి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "అందరూ దించితే నానొక్కత్తినే ఎత్తుతానా? రేపు ఎవులికి జొరమొచ్చినా నా వల్లే అంటారు. నానూ దించుతాను అమ్మా."

ఎర్నమ్మ కర్ర పట్టుకుని పోలయ్య దగ్గరికెళ్ళింది. పదిమంది కూర్చున్నారక్కడ. "అన్నా, మలుపులో తల దించమని కేకెయ్యకు. ఆ దించడంలోనే పడిపోతన్నారు," అంది.

 వాళ్ళలో ఎవడో అన్నాడు, "ముందు నీ నడుం నిటారుగా ఎట్టుకో, అప్పుడు మాకు సెబుదువు గాని." అందరూ విరగబడి నవ్వారు. పోలయ్య నవ్వలేదు.

"అమ్మోరికి తల దించొద్దంటావా? రేపు ఊరి మీదకేదైనా వస్తే నువ్వు అడ్డం పడుకుంటావా? ఇంకోపాలి ఈ మాటంటే నీ పిల్లకి జట్టులో గంప లేదు. ఎల్లు."

ఎర్నమ్మకి అతని మొహం కనిపించలేదు, పాదాలు కనిపించాయి. వేళ్ళు నేలని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కోపమొచ్చిన వాళ్ళ వేళ్ళు అలా ఉండవు, భయపడ్డవాళ్ళవి ఉంటాయి. బంగారమ్మ పడిపోయిన రోజు కూడా కేకేసింది ఇతనే కదా. ఎర్నమ్మ మారుమాటాడకుండా వచ్చేసింది.

సంత రోజొచ్చింది. దాలమ్మ మొదటి గంప. తెల్లారకుండానే ఎర్నమ్మ లేచి కర్రేసుకుని కొండెక్కింది. ఇరవై అడుగులేసి ఆగడం, ఇరవై అడుగులేసి ఆగడం. గంపలకంటే ముందు చేరగలనో లేదోనని ఒకటే ఆరాటం. చేరింది. రాతి కింద ఆ ఒక్క మనిషి చోట్లో, అమ్మోరి ముందు ముడుచుకుని కూర్చుంది.

"తల్లీ," అంది. "నీకు దణ్ణం కావాలి. నాను పెడతాను. జట్టు మొత్తానికీ నానొక్కత్తినే పెడతాను. నానెలాగూ వంగే ఉన్నాను, నాకు కొత్తగా పోయేదేం లేదు. తప్పయితే నన్ను తీసుకో. పిల్ల జోలికెల్లకు." అని నుదురు నేలకి ఆనించింది.  అమ్మోరు ఒప్పుకుందో లేదో ఎలా తెలుస్తుంది? రాయి మాట్లాడదు కదా.

అడుగులు వినిపించాయి. ముందు పోలయ్యవి. వచ్చి ఆగాయి. ఎర్నమ్మ తలెత్తకుండానే కొండంతా వినబడేలా అరిచింది. "తల ఎత్తండి. మీ అందరి దణ్ణం నాను పెడతన్నాను. తల ఎత్తండి. తల ఎత్తండి."

వెనకాల గంపలు ఆగిపోయాయి. నెత్తి మీద బరువుంటే ఎంతసేపాగుతారు? ఎవరో ఏడుపు గొంతుతో అడిగారు, "పోలయ్య మావా, ఏం సేయమంటావు? మెడలు పోతన్నాయి." పోలయ్య కేకెయ్యాలి. వెయ్యలేదు. వేళ్ళు నేలని పట్టుకున్నాయి, వదిలాయి, మళ్ళీ పట్టుకున్నాయి. చివరికి "నడండి" అన్నాడు. అంతే. దించమనలేదు, ఎత్తమనలేదు.

ఒక్కొక్క జత పాదాలూ ఎర్నమ్మ కళ్ళ ముందు నుంచి వెళ్ళాయి. ఇది వినండి. తల దించిన మనిషి అడుగు ముందు వేళ్ళ మీద పడుతుంది. నిటారుగా ఉన్న మనిషిది మడమ మీద పడుతుంది. ఇది ఎర్నమ్మకి తెలిసినంత ఎవరికీ తెలీదు. పొడుగావిడ వెళ్ళింది, మడమ. లావు మనిషి వెళ్ళింది, మడమ. పొట్టావిడ వెళ్ళింది, మడమ. అందరికంటే చివర కొత్త గంప.

దాలమ్మ పాదాలొచ్చాయి. వేళ్ళ మీదొస్తున్నాయి.

 పిల్ల అమ్మోర్ని చూసి భయపడి తల దించేస్తోంది. పాదం అంచు వైపు జరిగింది. ఒక గులకరాయి లోయలోకి జారింది. అది కిందెక్కడ తగిలిందో వినిపించనేలేదు. చెయ్యి చాచి పట్టుకుంటే ఇద్దరూ పోతారు.

"మడమ, అమ్మా," అంది ఎర్నమ్మ మెల్లగా, ఇంట్లో అన్నం తినమన్నట్టు. "మడమ ఆనించు. నీ దణ్ణం నా దగ్గరుంది. నువ్వు దారి సూసుకో."

పాదం అక్కడే ఉంది. వణికింది. తర్వాత మడమ నేలకి ఆనింది. రెండో మడమ ఆనింది. దాలమ్మ మలుపు దాటింది. ఎర్నమ్మ నేల మీదే పడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ సాయంత్రం గంపలన్నీ దిగాక పోలయ్య ఆవిడ ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "అయితే బంగారి నా కేకకే పోయిందా?" అని అడిగాడు.

ఎర్నమ్మ "దాని మెడ పూస మూడేళ్ళు నా సేతుల్తో రుద్దినానన్నా. అప్పుడు నాకూ తెలీలేదు," అంది. అతను తలాడించి లేచి వెళ్ళాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ కేక వెయ్యలేదు.

ఆ రోజునించీ ప్రతి సంతకీ ఎర్నమ్మ ముందెళ్ళి రాతి కింద వంగి కూర్చునేది. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, దాలమ్మకి పిల్లలు పుట్టి ఆ పిల్లలు గంపలెత్తేదాకా. మలుపులో ఒక్కళ్ళు పడలేదు.

ఒక సంత రోజు వెళ్ళేటప్పుడు ఆవిడ వంగి ఉంది. వచ్చేటప్పుడూ అలాగే వంగి ఉంది. పిలిస్తే పలకలేదు. దాలమ్మ ముట్టుకుని చూసింది. ఎప్పుడు పోయిందో ఎవరూ కనుక్కోలేకపోయారు.

తర్వాతి సంతకి జట్టు మలుపు దగ్గరకొచ్చి ఆగిపోయింది. రాతి కింద చోటు ఖాళీ. పాత భయం మళ్ళీ మెడల మీదెక్కింది. ఇప్పుడు దణ్ణమెవరు పెడతారు? ఒక పిల్ల తల అప్పుడే వాలిపోతోంది. ముందు నడుస్తున్న దాలమ్మ వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"మా యమ్మ దణ్ణం ఎట్టింది గానీ లేవనేదు. మీరందరూ సూసినారు కదా. ఇంకా ఎడతానే ఉంది. నడండి."

నడిచారు. మడమలానించి నడిచారు.

ఇప్పుడక్కడ గంపలూ లేవు, ఉప్పు లారీల్లో పోతోంది. అయినా ఆ మలుపు దాటే ఆడవాళ్ళు, చంకలో బిడ్డున్నా, నెత్తిన మూటున్నా, అక్కడ తల దించరు. ఒక్కసారి మడమ గట్టిగా నొక్కి వెళ్తారు. మా వైపు ఇళ్ళల్లో ఏ పిల్లయినా గూని పెట్టుకు కూర్చుంటే, ఇదిగో నీలాగే, పెద్దవాళ్ళు మెడ కింద పూస మీద వేలితో తట్టి ఒకటే మాటంటారు:

"ఎర్నమ్మ ఇంకా లేవలేదు. నువ్వు లే."