నక్క పీకేసిన తీగ

అనగనగా అనగానే అడవి అనుకుంటున్నారు కదూ? కాదర్రా! ఈ కథ సముద్రం ఒడ్డున జరిగింది. అక్కడొక పెద్ద ఇసుక దిబ్బ. దాని పక్క నుంచే మంచినీళ్ల మడుగుకి కాలిబాట. దిబ్బ మీద బొరియలో సింగాలు అనే నక్క, పెళ్లాం గవరమ్మతో, మూడు పిల్లలతో కాపురం ఉండేది.

సింగాలుకి ఎర్ర పీతలంటే ప్రాణం. ప్రేమ అనుకునేరు, తినడానికి! కానీ దిబ్బంతా బాలబంద తీగ దట్టంగా అల్లుకుని ఉండేది. సింగాలు ఉరికితే చాలు, పీతలు గబుక్కున ఆ ఆకుల కింద దూరిపోయేవి.

"ఈ పాడు తీగ లేకపోతే నాకు రోజూ పండగే!" అనుకుంది సింగాలు. పళ్లతో పట్టి తీగంతా పీకి పారేసింది.

పీతల పెద్ద నూకాలమ్మ కన్నంలోంచి తొంగి చూసింది. "ఒరే సింగాలూ, ఇసుకని పట్టి ఉంచేది ఆ తీగేరా. అది పోతే నీ ఇల్లూ పోతుంది" అంది.

"చాల్లే పిన్నీ, నీ భయం నీది!" అని నవ్వేసింది సింగాలు.

కొన్నాళ్లు విందే విందు. తర్వాత గాలికి ఇసుక లేచిపోసాగింది. అలలొచ్చి దిబ్బని కొరుక్కుతిన్నాయి. కాలిబాట సగం తెగి నీళ్లలో పడింది. ఒక పొద్దున బొరియ గుమ్మం కూలి, చిన్నపిల్ల ఇసుకతోపాటు దొర్లుకుంటూ సముద్రం దాకా పోయింది. గవరమ్మ ఒక్క దూకు దూకి దాని మెడ పట్టుకుని లాగింది.

"ఇల్లు నిలబెడతావా, పిల్లల్ని తీసుకుని మా పుట్టింటికి పొమ్మంటావా?" అని మొగుడి మీద విరుచుకుపడింది.

సింగాలు తాటి దుంగలు దొర్లించుకొచ్చి అడ్డం పెట్టింది. అలలు లాక్కుపోయాయి. ముళ్లకంప తెచ్చి వేసింది. దాన్నీ లాక్కుపోయాయి. చివరికి ఒడ్డున నిలబడి, "ఏయ్ సముద్రం! ఆగుతావా లేదా?" అని అరిచింది. ఒక అల వచ్చి తెరిచిన నోట్లో ఉప్పునీళ్లు పోసిపోయింది. పిల్లలు పడీపడీ నవ్వాయి.

సింగాలుకి మాత్రం ఏడుపొచ్చింది. తలొంచుకుని నూకాలమ్మ కన్నం దగ్గరికి వెళ్లింది.

"పిన్నీ, నా బుద్ధి గడ్డి తింది. తీగ మళ్లీ నాటాలి. సాయం చెయ్యవా?"

"దిబ్బ అవతల ఒక వాగుంది, దాని ఒడ్డున ఇంకా తీగ ఉంది. కత్తిరించడానికి మా డెక్కలున్నాయి. కానీ బయటికొస్తే నువ్వు మింగేస్తావు కదరా!"

సింగాలు గుటక వేసింది. పీతలు కావాలా, పిల్లలు కావాలా?

"నా పిల్లల మీద ఒట్టు పిన్నీ! ఇక పీతని ముట్టను. అలలు పడేసిన చేపలు ఏరుకు తింటాను."

అంతే! బిలబిలమంటూ పీతలన్నీ బయటికొచ్చాయి. డెక్కలతో టకటకా తీగ ముక్కలు కత్తిరించాయి. సింగాలు గోతులు తవ్వింది. "కణుపు లోపలికి, చిగురు పైకి!" అని నూకాలమ్మ అరుస్తుంటే, గవరమ్మ పాట పాడుతూ నాటింది. నక్కపిల్లలు ఇసుక తొక్కే వంకతో గంతులే గంతులు.

వానలు కురిశాయి. తీగ వేళ్లు పట్టింది. గాలికి ఎగిరొచ్చిన ఇసుక ఆకుల్లో చిక్కుకుని, దిబ్బ మళ్లీ పెరిగింది. తర్వాత తుఫాను వచ్చింది. కొండంత అలలు దిబ్బని గుద్దీ గుద్దీ అలిసిపోయి వెనక్కి పోయాయి. బొరియ చెక్కుచెదరలేదు!

తెల్లారగానే దిబ్బంతా ఊదారంగు పూలు. నక్కలూ పీతలూ కలిసి చిందులేశాయి. ఆ హడావిడిలో నూకాలమ్మ సరిగ్గా సింగాలు ముక్కు ముందు నుంచి తీరిగ్గా నడిచిపోతోంది.

"పిన్నీ, నీకు దండం పెడతా" అంది సింగాలు గట్టిగా కళ్లు మూసుకుని. "కాస్త తొందరగా నడువు. నోరూరిపోతోంది!"

నీతి: మనకి అడ్డం అనుకున్నదే మనల్ని కాపాడుతూ ఉండవచ్చు. పీకేసే ముందు అది ఎందుకుందో అడిగి తెలుసుకోవాలి.