పోల్చుకోని మాట

విశ్వపతి మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు, పని చెబుతారు. ముప్పైయేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మాటలకు తడుముకునే రకం కాదు. అయినా అంతే. రోజూ సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్ళే త్రినాథ్‌కి ఈ వరస కొత్త కాదు గానీ, ఆ రోజు మాత్రం అతనికి జవాబే కావాలనిపించింది.

త్రినాథ్ బొబ్బిలిలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. అతనికొక పిచ్చి. ఇంగ్లీషులో ఎవరూ వాడని మాటలు ఏరుకొచ్చి, అర్థాలతో సహా పుస్తకాల్లో రాసుకుంటాడు. మనిషిని కిటికీలోంచి బయటికి విసిరెయ్యడానికి కూడా ఒక మాట ఉందట, డిఫెనెస్ట్రేషన్. ఎదుటివాడు తింటుంటే మనకీ పెడతాడేమోనని గుటకలు మింగుతూ చూడడానికి ఇంకో మాట, గ్రోక్. ఓవర్‌మారో అంటే ఎల్లుండి. మనం రోజుకు పదిసార్లు అనే ఎల్లుండిని ఆ దొరలు పాపం ఎప్పుడో పారేసుకున్నారు. ఇలాంటివాటితో మూడు పుస్తకాలు నిండాయి. ఏ మాట ఎన్నో పేజీలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

"మాస్టారూ, మూడేళ్ళు తల బద్దలుకొట్టుకున్నాను. వీటిలో ఒక్క మాటా ఒక్క మనిషికి పనికొచ్చిన పాపాన పోలేదు. ఎవరికీ అక్కర్లేని మాటలు అసలు పుట్టడం ఎందుకండీ?"

మాస్టారు వక్కపలుకు నోట్లో వేసుకున్నారు. "అది సరేలే. ఇవాళ మొహం అలా మాడ్చుకున్నావేం? ఇంట్లో ఏమిటి గొడవ?"

గొడవంటే మామూలు గొడవా! త్రినాథ్ అన్న ఈశ్వరరావుకి పెళ్ళై అయిదేళ్ళు. వదిన నీలవేణి ఇంటిపనిలో వంక పెట్టడానికి లేని మనిషి. ఒక్కటే తప్పు, పలకరించదు. బజారులో ఎదురుపడితే త్రినాథ్‌నే ఎవరో దారినపోయేవాడిలా చూసి వెళ్ళిపోయింది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఇంటికొస్తే మళ్ళీ ప్రేమగానే అన్నం పెట్టింది. ఈశ్వరరావు సింహాచలంలో గుండు చేయించుకొస్తే పరాయి మగాడనుకుని మొహం మీదే తలుపేసింది. అప్పుడంటే అందరూ నవ్వుకున్నారు. మొన్న పెదనాన్నగారమ్మాయి నిశ్చితార్థంలో మాత్రం అది నవ్వుతో పోలేదు. వడ్డించుకుంటూ వచ్చి, కొత్త పట్టుచీర కట్టుకుని బంతిలో కూర్చున్న సొంత అత్తగారినే, "మీరు పెళ్ళికొడుకు తరఫువాళ్ళా అండీ? ఇంకాస్త పప్పు వెయ్యనా?" అని అడిగింది. బంతి బంతంతా గొల్లుమంది. సత్యవతమ్మగారికి నలుగురిలో తల కొట్టేసినట్టయింది. విస్తరి ముందు నుంచి లేచిపోయారు.

"కళ్ళు నెత్తికెక్కాయి మాస్టారూ" అన్నాడు త్రినాథ్. "రేపు పొద్దున్నే వచ్చి తీసుకుపొమ్మని వాళ్ళ నాన్నకి కబురు పెట్టేశారు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కనివ్వనని అమ్మ ఒట్టేసుకుని కూర్చుంది. అన్నయ్యేమో నోరెత్తడు."

"నువ్వేమంటావు?"

"నేననేదేముంది? పొగరుకు మందు లేదు."

మాస్టారు లేచి తన శాలువా తీసి అతని భుజాల మీద కప్పారు. చేతికర్ర అందించారు. "ఇది పొడుచుకుంటూ మెల్లగా మీ ఇంటికి వెళ్ళు. మీ వదిన కంటపడేలా నిలబడు. మొహం దాచుకోకు. నోరు మాత్రం విప్పకు."

పెద్దాయన చాదస్తం అనుకుంటూనే త్రినాథ్ వెళ్ళాడు. ఇంకా ఎండపొడ ఉంది. నీలవేణి గేటు పక్కన తీగ మీది బట్టలు తీస్తోంది. కర్ర చప్పుడు విని మూడడుగుల దూరంలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో సరిగ్గా అతని మొహంలోకి చూసింది.

"ఎవరు కావాలండీ? మావారింకా రాలేదు. అత్తయ్యగారిని పిలవమంటారా?"

ఆ గొంతులో పొగరు మచ్చుకైనా లేదు. పరాయి మనిషితో మాట్లాడే మర్యాద, అంతే.  త్రినాథ్ మాస్టారు చెప్పింది మరిచిపోయి, "వదినా, నేను" అన్నాడు.

ఆమె చేతిలో బట్టలు జారిపోయాయి. "త్రినాథా! నువ్వా!" అంది. మరుక్షణం హడలిపోయి చేతులు జోడించింది. "అత్తయ్యగారికి చెప్పకు, నీకు పుణ్యముంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే నాకు. కళ్ళు, ముక్కు, నోరు అన్నీ కనిపిస్తాయి. ఎవరివో మాత్రం తెలీదు. గొంతు విన్నాక తెలుస్తుంది, నడక చూస్తే తెలుస్తుంది. చెబితే పిచ్చిదంటారు. దానికంటే పొగరుబోతుననిపించుకోవడమే నయమనుకున్నాను."

త్రినాథ్ ఒక్క ఉరుకున లోపలికి వెళ్ళి మూడు పుస్తకాల్లో మొదటిది పట్టుకొచ్చాడు. నలభై రెండో పేజీ. వేలు పెట్టి చదివాడు. "ప్రొసొపాగ్నోసియా. తెలిసిన మొహాలను కూడా పోల్చుకోలేకపోవడం."

నీలవేణి ఆ అక్షరాల వంక చూసింది. "దీనికి పేరుందా?" అంది. "అయితే నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా, త్రినాథా?" అని అక్కడే గట్టు మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆ ఏడుపు విని సత్యవతమ్మగారు బయటికొచ్చారు. కొడుకు చెప్పిందంతా విని, "చాల్లే, నీ పుస్తకాల గోల! అయిదేళ్ళుగా నా చేతికింద తిరుగుతోంది, నా మొహం తెలీదంటే నమ్మమంటావా?" అన్నారు.

"మీ గొంతు తెలుసు అత్తయ్యా" అంది నీలవేణి. "ఎడమకాలు కాస్త ఈడుస్తారు. కరెంటు పోయినప్పుడు కూడా అడుగు వింటే మీరేనని చెప్పగలను. మొన్న మీరు కూర్చుని ఉన్నారు, మాట్లాడలేదు."

ఆ ఎడమకాలి సంగతి సత్యవతమ్మగారు ఎవరికీ చెప్పుకోలేదు. కన్నకొడుకులిద్దరూ ఏనాడూ గమనించనూలేదు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట ఆవిడ మనసులో ఏముందో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

తెల్లారింది. నీలవేణి తండ్రి తలవంచుకుని వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాడు. నీలవేణి పెట్టె సర్దుకోవడం అయిపోయి, ఆఖరిసారిగా పొయ్యి ముట్టించింది. సత్యవతమ్మగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, అక్కడే ఆగి, గొంతు సవరించుకున్నారు.

"నేనేనమ్మా నీలవేణీ, మీ అత్తని. మీ నాన్న భోంచేసి వెళతారు. ఇంకో సోలెడు బియ్యం ఎక్కువ పడెయ్యి. ఆ పెట్టె మళ్ళీ అటక మీద పెట్టించు."

సాయంత్రం త్రినాథ్ శాలువా, కర్ర పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాడు. జరిగిందంతా చెప్పాడు. చెబుతుంటే సంతోషం పట్టలేకపోయాడు. "ఎవరికీ పనికిరావన్నాను, నోరు జారాను మాస్టారూ! మా వదిన సంగతి నాకే తట్టనిది, మీకెలా తట్టిందండీ?"

మాస్టారు శాలువా మడత పెట్టుకుంటూ అడిగారు.

"ఆ మాట నీ పుస్తకంలోకి వచ్చి ఎన్నాళ్ళయింది?"

"మొదటి పుస్తకమే కదండీ. మూడేళ్ళు."

"ఆవిడ మీ ఇంటికొచ్చి?"

"అయిదేళ్ళు" అన్నాడు త్రినాథ్.

"మరి నాయనా," అన్నారు మాస్టారు, "మొహాలు పోల్చుకోలేనిది మీ వదినేనంటావా?"